ఒకే బిళ్లలో రెండు బీపీ మందులు: సరిహద్దు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా వాడుకోవడం ఎలా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉండే తెలుగువాళ్లలో చాలామందికి డాక్టరు ఒక రాష్ట్రంలో, మందుల షాపు ఇంకో రాష్ట్రంలో ఉంటాయి. గుండె పరీక్షలు విశాఖపట్నంలో, నెలనెలా మాత్రలు ఇంటి దగ్గర షాపులో, మధ్యలో బీపీ చూపించుకోవడం ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో. మోకాళ్లు నొప్పెడితే వీధి చివర ఆర్‌ఎంపీ. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. మీరు వేసుకునే మందుల పూర్తి లెక్క మీ దగ్గర తప్ప ఎక్కడా ఉండదు. డాక్టరు కాంబినేషన్ మాత్ర రాసినప్పుడు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే అట్ట మీద ఒక్క పేరే పెద్దగా కనిపిస్తుంది, లోపల రెండో మూడో మందులుంటాయి.

ముందు ఒక భయం తీసేసుకోండి. రెండు మందులు కలిపి ఇచ్చారంటే బీపీ ముదిరిపోయిందని చాలామంది కంగారు పడతారు. అలా ఏం కాదు. ఒకే మందును పెద్ద డోసులో ఇచ్చేకంటే, వేర్వేరు దారుల్లో పనిచేసే రెండింటిని చిన్న డోసుల్లో ఇస్తే బీపీ బాగా దిగుతుంది, ఇబ్బందులూ తక్కువ. అమ్లోడిపిన్ వల్ల వచ్చే కాళ్ల వాపు, పక్కన టెల్మిసార్టాన్ ఉంటే కొంత తగ్గుతుంది. రోజుకు ఒక్క బిళ్లే కాబట్టి మరిచిపోవడమూ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి బీపీ కాంబినేషన్ మాత్రల్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

కింద చెప్పేదంతా మీ డాక్టరు మీకు రాసిన మందును సరిగ్గా వాడుకోవడం గురించే. పక్కింటాయనకు బాగా పనిచేసిందని అదే స్ట్రిప్పు తెచ్చుకోవడానికి కాదు. బీపీ మాత్రలన్నీ డాక్టరు చీటీ మీద అమ్మాల్సినవే. అట్ట మీద ఎర్ర గీత ఉండేది అందుకే.

1. స్ట్రిప్పు తిప్పి, లోపల ఏముందో చదవండి

కంపెనీ పేరు, దాని రంగు, మాత్ర ఆకారం, ఇవేవీ మిమ్మల్ని కాపాడవు. చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, దాని పక్కన మిల్లీగ్రాములు, ఈ రెండూ కావాలి. మీకు ఇంగ్లీషు అక్షరాలు చదవడం కష్టమైతే హైస్కూలు పిల్లల చేత చదివించి తెలుగులో రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ అక్షరాలు చదువుకున్నవాళ్లకే కనపడనంత చిన్నవి.

మందు పేరు చివర ఎలా ముగుస్తుందో చూస్తే అది ఏ జాతిదో తెలుస్తుంది.

“సార్టాన్” అని ముగిసేవి: టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఒల్మిసార్టాన్. రక్తనాళాలు బిగుసుకోకుండా చూస్తాయి.

“ప్రిల్” అని ముగిసేవి: రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్. ఇవీ దాదాపు అదే దారిలో పనిచేస్తాయి. అందుకే ఒక సార్టాన్, ఒక ప్రిల్ కలిపి వాడకూడదు. కలిపితే కిడ్నీ దెబ్బతినే, పొటాషియం పెరిగిపోయే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లు చెరొకటి రాసిన చోట ఈ జోడీ తెలియకుండా కలిసిపోవచ్చు.

“డిపిన్” అని ముగిసేవి: అమ్లోడిపిన్, సిల్నిడిపిన్.

“లాల్” అని ముగిసేవి: అటెనొలాల్, మెటోప్రొలాల్. గుండె వేగాన్ని తగ్గిస్తాయి.

నీళ్లు పోయే మందులు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి): హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్.

కాంబినేషన్ అంటే వీటిలో రెండో మూడో ఒకే బిళ్లలో ఉండటం. బ్రాండు పేరు చివర ఏఎం అని ఉంటే సాధారణంగా అమ్లోడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్, ఏటీ అంటే అటెనొలాల్. ముందున్న పేరు ఒకటే, చివరి రెండక్షరాలు మారితే మందే మారిపోయినట్టు. ఫోన్లో కొడుక్కి “టెల్మా ఏదో తీసుకురా” అని చెప్పకండి, స్ట్రిప్పు ఫొటో తీసి పంపండి. అయినా ఈ తోక అక్షరాల్ని పూర్తిగా నమ్మొద్దు, వెనక రాసిన మందు పేరే ప్రమాణం.

అంకెల దగ్గర ఒక మెలిక ఉంది. ఎస్-అమ్లోడిపిన్ అనే రకం 2.5 మిల్లీగ్రాములు మామూలు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో సమానం. “డోసు సగమే ఇచ్చారు” అనుకొని రెండు వేసుకుంటే పది మిల్లీగ్రాములు వేసుకున్నట్టవుతుంది. అంకె మారినట్టు కనిపిస్తే షాపులో అడగండి, అక్కడా తేలకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

2. ఒక కాగితం తయారుచేసుకోండి

పోస్టుకార్డంత కాగితం చాలు. దాని మీద మీ పేరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు. కింద ఒక్కో మందు పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. షుగరు మాత్రలు, గ్యాసు మాత్రలు, నొప్పి మాత్రలు, ఆయుర్వేదం చూర్ణాలు, ఏదీ వదలొద్దు. కాంబినేషన్ మాత్రను ఒక్క పేరుతో కాక లోపలి మందులు విడివిడిగా రాయండి. మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఉంచితే ఒడియా నర్సుకైనా తెలుగు డాక్టరుకైనా పనికొస్తుంది, పక్కన తెలుగులో మీ కోసం రాసుకోవచ్చు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికీ పంపి పెట్టండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో ఒక సంగతితో చెబుతాను. పర్లాకిమిడిలో మేం మందులు ఇచ్చే కౌంటరు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చి స్టీలు డబ్బా మూత తీసి మూడు స్ట్రిప్పులు పరిచారు. “ఇది ఇశాపట్నం డాక్టరుగారు రాసింది బాబూ, ఇది మన గవర్నమెంటాసుపత్రిలో ఊరికే ఇచ్చింది, ఇది మా వీధిలో కాళ్లు పొంగితే ఇచ్చింది. మూడూ పొద్దున్నే ఏసుకుంటన్నాను” అన్నారు. మొదటిది టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5 కలిపిన బిళ్ల. రెండోది విడిగా అమ్లోడిపిన్ 5. అంటే రోజుకు పది. ఆవిడ పాదాలు పొంగి చెప్పుల పట్టీ ముద్ర లోతుగా దిగిపోయి ఉంది. ఆ వాపు తగ్గడానికని మూడోవారు నీళ్లు పోయే మాత్ర ఇచ్చారు. పొద్దున లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే తిరగవా మరి. మూడు చోట్లా ఎవరి వరకు వాళ్లు సరిగ్గానే ఇచ్చారు. డబ్బా అంతా ఒక్క డాక్టరు ముందు పరిచాకే రెండు స్ట్రిప్పులు పక్కకు వెళ్లాయి, కొన్ని వారాలకు వాపు దిగింది.

అందుకే కాగితంతో పాటు డబ్బా కూడా పట్టుకెళ్లండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, చివరికి పంటి డాక్టరు దగ్గరికెళ్లినా సరే. అమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు వాస్తాయి, ఆ సంగతి ఆయనకు తెలియాలి.

3. మొదటి మాత్రకు ముందు డాక్టరుకు చెప్పాల్సినవి

గర్భిణి అయినా, గర్భం కోసం చూస్తున్నా ముందే చెప్పాలి. సార్టాన్లు, ప్రిల్‌లు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. ఇవి వాడుతుండగా నెల తప్పితే వచ్చే నెల వరకు ఆగకుండా ఆ రోజే డాక్టరును కలవాలి, వేరే మందులోకి మారుస్తారు. బీపీ పెద్దవాళ్ల జబ్బని ముప్పై ఏళ్ల అమ్మాయిల విషయంలో ఇది అడగడం మరిచిపోతుంటారు, మీరే నోరు విప్పి చెప్పండి.

ఆస్తమా ఉంటే “లాల్” మందుల గురించి అడగండి, ఊపిరి పట్టేయొచ్చు. గౌటు (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు) ఉంటే ఆ మాటా చెప్పండి, నీళ్లు పోయే మందు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. షుగరుకు ఇన్సులిన్ వాడుతుంటే, షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను “లాల్” మందులు కప్పిపెట్టేస్తాయి. చెమట పట్టడాన్ని మాత్రం ఆపవు, దాన్ని గుర్తు పెట్టుకోండి.

కిడ్నీ మాట వేరుగా చెప్పాలి. మనకు ఆనుకునే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఏళ్లుగా కారణం తేలని కిడ్నీ జబ్బు కుటుంబాల్ని కూల్చేస్తోంది. అక్కడి నుంచి వచ్చి బరంపురం, పర్లాకిమిడి వైపు స్థిరపడినవాళ్లు, అక్కడ పుట్టిల్లు ఉన్నవాళ్లు మన చుట్టూ ఎంతమందో. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే బీపీ మందు మొదలుపెట్టేటప్పుడే ఆ మాట చెప్పి, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, మూత్రంలో ప్రొటీను చూపించుకోండి. కిడ్నీ జబ్బుందని సార్టాన్ మానేయమని కాదు. మూత్రంలో ప్రొటీను పోయేవాళ్లకు అదే కిడ్నీని కాపాడుతుంది. రక్తపరీక్ష లేకుండా వాడటమే ప్రమాదం.

4. రోజూ వేసుకునే తీరు

రోజూ ఒకే వేళకు వేసుకోండి. పొద్దునా రాత్రా అని వాదించుకోనక్కర్లేదు, బ్రిటన్‌లో పెద్ద సంఖ్యలో రోగుల మీద చేసి 2022లో వెలువరించిన అధ్యయనంలో రెండింటికీ పెద్ద తేడా కనపడలేదు. నీళ్లు పోయే మందు కలిసి ఉంటే మాత్రం పొద్దున్నే మేలు, లేకపోతే రాత్రంతా లేవాల్సి వస్తుంది. చీకట్లో పెరటి వైపు నడిచే పెద్దవాళ్లు పడిపోయేది అప్పుడే.

టెల్మిసార్టాన్ ఉన్న బిళ్ల గాలిలో తేమను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా ముందే ఒలిచి డబ్బాలో పోసి పెట్టొద్దు. వేసుకునే ముందే స్ట్రిప్పులోంచి తీయాలి. వానాకాలంలో కొరాపుట్ కొండల మీద ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రోజుల వారీ డబ్బా కావాలంటే స్ట్రిప్పునే ముక్కలుగా కత్తిరించి అరల్లో పెట్టుకోండి, కానీ పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను చివరి వరకు దాచాలి.

డాక్టరు చెప్పకుండా సగం విరగ్గొట్టొద్దు. కొన్ని బిళ్లలు రెండు పొరలుగా ఉంటాయి, కొన్ని మెల్లగా కరిగేలా చేసినవి. ఈఆర్, ఎక్స్ఎల్, ఎస్ఆర్ అని ఉంటే నమలకూడదు, నూరకూడదు. పైగా కాంబినేషన్‌ను సగం చేస్తే రెండు మందులూ సగమవుతాయి, మీరు ఒకటే తగ్గించాలనుకున్నా సరే.

ఒక పూట మరిచిపోతే ఆ రోజులో గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటి వేళ దగ్గర పడిపోతే వదిలేయండి. రెండు కలిపి మాత్రం వద్దు.

కార్తీక సోమవారం, ఏకాదశి ఉపవాసాల రోజున కూడా గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకోవాలి. రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్న రోజు కూడా అంతే, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. “పరీక్ష కదా అని వేసుకోలేదు” అని వచ్చి, ఆ రోజు బీపీ ఎక్కువ చూపించి, డోసు పెంచించుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు.

5. మొదటి నెల ఓపికగా చూడండి

అమ్లోడిపిన్ పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు, టెల్మిసార్టాన్‌కు దాదాపు నాలుగు వారాలు పడుతుంది. మూడో రోజున బీపీ తగ్గలేదని డాక్టరును మార్చేస్తే కొత్త డాక్టరు ఇంకో మాత్ర కలుపుతారు, ఆ తర్వాత అన్నీ ఒకేసారి పనిచేయడం మొదలుపెట్టి బీపీ పడిపోతుంది.

మొదటి రోజుల్లో మంచం మీంచి ఒక్కసారి లేవకండి. కాసేపు కూర్చుని, కాళ్లు కదిపి లేవండి. కళ్లు తిరిగితే ఉన్నచోటే కూర్చోండి లేదా పడుకోండి. చీలమండల వాపు, ముఖం వేడెక్కడం, తలనొప్పి అమ్లోడిపిన్ వల్ల కావొచ్చు. ఎడతెగని పొడి దగ్గు ప్రిల్ వల్ల రావొచ్చు, దానికి దగ్గు మందు తాగి లాభం లేదు, మందు మార్చించుకోవాలి. దగ్గని ఇంట్లో అతిమధురం నమలడం కూడా వద్దు, అది బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది.

పెదవులు, నాలుక, ముఖం వాచి గొంతు పట్టేస్తున్నట్టుంటే అది వేరే సంగతి. మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సార్టాన్, ప్రిల్, నీళ్లు పోయే మందుల్లో ఏది మొదలుపెట్టినా, డోసు పెంచినా, రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా, కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పినంత తరచుగా. క్రియాటినిన్ మొదట్లో కొద్దిగా పెరగడం మామూలే, అది చూసి భయపడి మీరే ఆపేయకండి, రిపోర్టు పట్టుకెళ్లండి. వయసు పైబడినవాళ్లకు నీళ్లు పోయే మందుతో సోడియం పడిపోయి మతిమరుపుగా, మత్తుగా ఉంటారు. “ముసలితనం” అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. కొత్త మందు మొదలైన వారాల్లో మనిషి తీరు మారితే ముందు సోడియం చూపించండి.

6. ఇంట్లో బీపీ కొలవడం

చేతి మణికట్టుకు కట్టేది కాదు, మోచేతి పైన కట్టే మిషను కొనండి. పట్టీ మీ చేతికి సరిపోవాలి. కొలిచే ముందు అరగంట టీ, చుట్ట, బీడీ లేకుండా, మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద, పట్టీ చొక్కా మీద కాదు చర్మం మీద. ఆ సమయంలో మాట్లాడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం. డాక్టరు దగ్గరికెళ్లే ముందు వారం రోజులు ఇలా రాస్తే, ఆసుపత్రిలో టెన్షన్ మీద చూసిన ఒక్క అంకె కంటే అది ఎంతో నయం. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే బీపీ అదుపులో లేనట్టే లెక్క. మీకు ఎంత ఉండాలో అంకె డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

అంకె బాగుందని మాత్ర మానేయకండి. బాగున్నది మాత్ర వల్లే. ముఖ్యంగా అటెనొలాల్, మెటోప్రొలాల్ ఉన్న కాంబినేషన్ ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి, గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

7. నొప్పి మాత్రలు

ఇది అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న విషయం. జీడి తోటల్లో, వరి మళ్లలో, కూలి పనుల్లో నడుము విరిగేలా పనిచేసే మనుషులు మనవాళ్లు. నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్ర చవగ్గా దొరుకుతుంది, ఇంజెక్షనయితే వెంటనే హాయి. కానీ సార్టానో ప్రిలో, దానికి తోడు నీళ్లు పోయే మందు ఉన్న బిళ్ల వేసుకునేవాళ్లకు ఈ నొప్పి మాత్ర మూడోదై కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీయగలదు.

ఎలాగంటే, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోటికి ఒక సన్న నాళం లోపలికి వస్తుంది, ఇంకొకటి బయటికి పోతుంది. ఆ రెండింటి మధ్య తగినంత ఒత్తిడి ఉంటేనే వడపోత జరుగుతుంది. నొప్పి మాత్ర లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. సార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీళ్లు పోయే మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిస్తే ఒత్తిడి పడిపోయి వడపోత ఆగిపోతుంది. ఎండలో చెమటోడ్చిన రోజైతే ఇంకా త్వరగా. నొప్పి మాత్రలతో బీపీ కూడా పెరుగుతుంది, పని చేస్తున్న బీపీ మాత్ర పని చేయనట్టు కనిపిస్తుంది.

ఎక్కడికెళ్లినా మొదటి మాట ఇలా చెప్పండి: “నేను బీపీకి సార్టాన్ వాడుతున్నాను, డైక్లో వద్దు.” మామూలు నొప్పికి, జ్వరానికి కొద్దిరోజులు పారాసిటమాల్ వాడుకోవచ్చు, అదీ డోసు మించకుండా. మోకాళ్లకు పైపూత, కాపడం, ఫిజియోథెరపీ అడగండి. నొప్పి భరించలేనిదైతే డాక్టరు చూసి, పరీక్ష చేయించి, కొద్దిరోజులకే ఇస్తారు. కవర్లో పేరు లేకుండా కట్టి ఇచ్చే నాలుగు రంగుల మాత్రల్ని తీసుకోకండి. అందులో ఏముందో తెలియనప్పుడు మీ లెక్కంతా వృథా.

జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటుంది, అది బీపీని పెంచుతుంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అమ్లోడిపిన్ బలాన్ని తగ్గిస్తుంది, కాబట్టి టీబీ కోర్సు మొదలుపెడితే బీపీ మళ్లీ చూపించుకోండి, కోర్సు అయ్యాక ఇంకోసారి.

8. తిండి, తాగుడు, పొగ

ఎండు చేపలు, ఉప్పు చేప, ఆవకాయ, అప్పడాలు, చద్దన్నంలో వేసుకునే చారెడు ఉప్పు, మాత్ర ఎంత మంచిదైనా వీటి ముందు ఓడిపోతుంది. రోజుకు మొత్తం ఉప్పు ఒక చిన్న టీస్పూను, అంటే ఐదు గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చద్దన్నం మానక్కర్లేదు, ఉప్పు తగ్గించి ఉల్లిపాయ, నిమ్మకాయతో తినండి. ఎండు చేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే కొంత ఉప్పు పోతుంది.

“తక్కువ సోడియం ఉప్పు” అని షాపుల్లో దొరికేదాంట్లో పొటాషియం ఉంటుంది. మామూలు కిడ్నీలున్నవాళ్లకు అది మేలే చేయొచ్చు గానీ, సార్టాన్ లేదా ప్రిల్ వాడుతూ కిడ్నీ జబ్బు కూడా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లూ అదే కోవ. తోట మనదే కదా అని రోజుకు నాలుగు బోండాలు తాగే అలవాటుంటే, క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లు ముందు పొటాషియం పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పసారా, జీలుగు కల్లు, బ్రాందీ, ఏదైనా సరే బీపీని పెంచుతాయి, మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే తాగితే కళ్లు తిరిగి పడేస్తాయి. చుట్ట, బీడీ, గుడాఖు కూడా రక్తనాళాలకు శత్రువులే. పళ్లకే కదా పూస్తున్నాం అని గుడాఖును లెక్కలోంచి తీసేయొద్దు, అది పొగాకే.

9. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ

ఏప్రిల్, మే నెలల్లో, వానల మొదట్లో ఇది ఎవరికైనా వస్తుంది. ఒంట్లో నీళ్లు పోతుండగా నీళ్లు పోయే మందు, సార్టాన్ రెండూ యథావిధిగా వేసుకుంటూ ఉంటే బీపీ పడిపోతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. అలాంటి రోజుల్లో ఏ మాత్రను ఎన్నాళ్లు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని డాక్టరును ఇప్పుడే, బాగున్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. చాలామంది డాక్టర్లు సార్టాన్, ప్రిల్, నీళ్లు పోయే మందుల్ని ఒకటి రెండు రోజులు ఆపి, మామూలుగా తిని తాగగలిగాక మళ్లీ మొదలుపెట్టమంటారు. “లాల్” మందును అలా ఆపమనరు. కాంబినేషన్‌లో రెండూ కలిసి ఉంటే ఏం చేయాలన్నది అందుకే ముందే తేలాలి. ఓఆర్ఎస్ తాగండి. మూత్రం రావడం బాగా తగ్గిపోయినా, లేచి నిలబడలేకపోయినా ఇంట్లో ఉండొద్దు.

10. మందు అయిపోకముందే

పది రోజులు ఉందనగానే తెచ్చుకోండి. గుణుపురం నుంచి విశాఖ రైల్లో వెళ్లి తెచ్చుకునేవాళ్లు పండగలు, బందులు, తుఫాన్లు లెక్కేసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, దారులు మూసుకుపోతే మాత్రలు దొరకవు.

“అది లేదు, ఇది కూడా అదే” అని షాపులో అంటే, పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ పక్కపక్కన పెట్టి మందు పేర్లు, మిల్లీగ్రాములు ఒక్కొక్కటి సరిచూడండి. అన్నీ కలిస్తే కంపెనీ మారినా ఫర్వాలేదు. జనౌషధి కేంద్రంలో ఇవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంబినేషన్ లేక అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ విడివిడిగా ఇవ్వొచ్చు. అవి మీ బిళ్లకు బదులే తప్ప దానికి అదనం కాదు. ఏది వాడాలో తేల్చుకుని రెండోది ఇంట్లో ఉంచుకోకుండా తిరిగి ఇచ్చేయండి.

11. అంకె బాగా పెరిగినప్పుడు

బీపీ 180/120 చూపించినా ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే కంగారు పడి అదనపు మాత్ర మింగకండి. ప్రశాంతంగా కూర్చుని కాసేపాగి మళ్లీ చూడండి. అలాగే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. నిఫెడిపిన్ గొట్టం మాత్రను (క్యాప్సూల్‌ను) పొడిచి నాలుక కింద పెట్టే పాత పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. అది బీపీని ఒక్కసారిగా దించి పక్షవాతం, గుండెపోటు తెప్పించగలదు. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా అంకెతో పని లేదు, 108కి ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. మాట తడబడినవాళ్లకు నీళ్లు, టీ, మాత్రలు ఏవీ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుచేసుకుని ఆసుపత్రిలో చెప్పండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా అప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. కాబట్టి ఆ ఇంజెక్షను, సీటీ స్కాన్ మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉన్నాయో, అది బరంపురమో శ్రీకాకుళమో కొరాపుటో, ఈ వారంలోనే కనుక్కుని ఉంచుకోండి.